చంద్రుణ్ణి తినేసిన పెళ్ళికొడుకు

ఇందీవర పెసరట్టు తిరగేయబోతుండగా పెరట్లోంచి కేక వినిపించింది. ఆ కేకకి గోడమీది పిల్లి దూకి పారిపోయింది, పెసరట్టు రెండు ముక్కలైంది, స్నానాలగదిలో మురారి పాడుకుంటున్న పాట మధ్యలో తెగిపోయింది.

"వదినా! వచ్చేసింది! సీటొచ్చేసింది!"

తరళ వంటింట్లోకి ఊడిపడింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆరేయబోయి మరిచిపోయిన తడి తువ్వాలు. పదిహేనేళ్ళ పిల్ల. తొమ్మిదో ఏట బడి మానేసింది. ఆ తర్వాత చదువంతా ఈ వంటింటి బల్లమీదే. తోటి పిల్లలు ఇంకా పదో తరగతి పుస్తకాలతో కుస్తీ పడుతుంటే, ఇది ఇంటర్ పరీక్షలు ప్రైవేటుగా రాసేసి, గోవాలోని సాగర విద్యాపీఠానికి దరఖాస్తు పెట్టింది. దేశం మొత్తంమీద ఏడాదికి ఇరవైమందిని తీసుకునే చోటు అది.

"ఏదీ, చూడనీ!" అంటూ ఇందీవర అట్లకాడతోనే ఫోను అందుకోబోయింది. నూనె చుక్క ఫోను అద్దం మీద పడింది. ఇద్దరూ దాన్ని చూసి పడీ పడీ నవ్వారు. ఏం చూసినా నవ్వొచ్చే రోజులు ఇందీవరకి. కాకినాడలో ఈ ఇంటికి కోడలై వచ్చి నెల దాటింది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఆనుకుని నిలబడి ఉండటం చూసినా, మురారి చొక్కా గుండీకి తన పొడుగు వెంట్రుక చుట్టుకుని కనబడినా పొద్దంతా ఆమెకి లోలోపల ఈల వేసుకుంటున్నట్టే ఉంటోంది.

మురారి తల తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. చెల్లెల్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, ఫోను చూశాడు. తరళ చేతిలోని తడి తువ్వాలు తీసుకుని దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఛీ, అది నేల తుడిచేది అన్నయ్యా!"

"పర్లేదు. నీ సీటుకి నేల తుడిచిన గుడ్డయినా పట్టుబట్టే."

ముగ్గురూ విరిగిన పెసరట్టునే పంచుకు తిన్నారు. తింటూ తరళ ఇంటర్వ్యూ ఎలా జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. గోవా నుంచి వచ్చిన దగ్గర్నుంచి, ఫలితం రాకుండా చెబితే దిష్టి తగులుతుందని నోరు కుట్టేసుకు కూర్చుంది. ఇప్పుడు కట్టలు తెగాయి.

"అయిదుగురు కూర్చున్నారొదినా. మధ్యలో ఒకావిడ, చూపే సూది. 'సముద్రపు పోటు రోజూ ముందురోజు కంటే కాసేపు ఆలస్యంగా వస్తుంది, ఎందుకో సూత్రాలు లేకుండా చెప్పు' అంది. నాకేం తోచలేదు. ఎదురుగా టీ, బిస్కట్లు, లడ్డూలు పెట్టున్నాయి. అంతే, నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక లడ్డూ తీసి పళ్ళెం అంచున పెట్టింది. ఇది చంద్రుడండీ అన్నాను. టీ గ్లాసు మధ్యలో పెట్టి, ఇది భూమండీ, దీని అంచున ఈ చుక్కే కాకినాడండీ అన్నాను."

ఇందీవర నములుతున్న నోరు ఆగింది.

"గ్లాసు ఒక చుట్టు తిప్పాను. చుక్క మళ్ళీ మొదటి చోటికొచ్చింది. కానీ ఈలోగా లడ్డూ ఊరుకోదు కదా, అదీ కాస్త ముందుకి జరిగింది. దాన్ని అందుకోవాలంటే గ్లాసు ఇంకాస్త తిరగాలి. ఆ ఇంకాస్తేనండీ ఆలస్యం, అన్నాను. అక్కడితో ఆగొచ్చా! ఆ లడ్డూ తీసి గుటుక్కున నోట్లో వేసుకుని, 'చంద్రుణ్ణి తినేశాను, ఇక రేపు కాకినాడకి పోటు లేదండీ' అనేశాను. పక్కనున్న నలుగురూ ఒకటే నవ్వు! చివర్లో ఇంకో మాట కూడా వచ్చింది నోటికి. 'ఆలస్యంగా వస్తుంది గానీ, రాకుండా మాత్రం ఉండదండీ' అని. ఆ మాట అంటుంటే ఎందుకో అరచేతులు చెమటలు పట్టేశాయి. కళ్ళముందు మామిడిపిందె రంగు చీర అంచు ఒకటి కదిలినట్టయింది. భయం కాబోలు."

మురారి బల్ల చరిచి నవ్వాడు. "లడ్డూ చంద్రుడా! భలే ఉదాహరణే. ఎక్కడ పట్టావే దాన్ని?"

ఇందీవర అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. ఆ మాట అతను మొదటిసారి వింటున్నాడు.

ఆమెకి చేతిలోని ముక్క చల్లబడిపోయినట్టనిపించింది.

పిఠాపురంలో తన పుట్టింటి మేడమీద, పెళ్ళిచూపులనాడు, పెద్దవాళ్ళు కింద ఫలహారాలు చేస్తుంటే, "కాస్సేపు మాట్లాడుకోండి" అని పైకి పంపారు వాళ్ళిద్దర్నీ. మాటలు రాక, ఇందీవర తానే అడిగింది: పోటు రోజూ ఎందుకు ఆలస్యమవుతుందని. అప్పుడతను పళ్ళెంలోని లడ్డూ తీశాడు, కాఫీ గ్లాసు తీశాడు. చంద్రుణ్ణి తినేసి, తినేసినందుకు సిగ్గుపడిపోయి, తల వంచుకుని అన్నాడు: "ఆలస్యంగా వస్తుంది గానీ, రాకుండా మాత్రం ఉండదండీ." ఆ మాటకే ఆమె సరేనంది. ఆ రోజు ఆమె కట్టుకున్నది మామిడిపిందె రంగు చీర. తరళ ఆ రోజు రాజమండ్రిలో పరీక్ష రాస్తోంది. ఆ మాట ఇందీవర అమ్మతో కూడా చెప్పలేదు. ఎవరితోనన్నా చెబితే కాస్త అరిగిపోతుందేమోనని తనలోనే దాచుకుంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా. "మన పెళ్ళిచూపులప్పుడు మేడమీద మనం ఏం మాట్లాడుకున్నాం?"

మురారి నవ్వుతూనే నోరు తెరిచాడు. "మీ ఊరికి బస్సులో వచ్చాను. మీ నాన్నగారు పంచె సర్దుకుంటూ ఎదురొచ్చారు. మెట్లు ఎక్కాం... తర్వాత దిగాం." నుదురు రుద్దుకున్నాడు. "కంగార్లో ఉన్నానేమో, ఇందూ. ఏమీ లేదక్కడ."

తరళ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తెలివైన పిల్ల. మొహంలో రంగు దిగిపోయింది.

"టోపీలు," అంది.

*

మురారి పనిచేసే ప్రయోగశాల ఊరి చివర, మడ అడవి మొదలయ్యే చోట ఉంది. అక్కడ రజియా మేడమ్ అనే పెద్దావిడ, ఆమె దగ్గర మురారి, ఇంకో ఇద్దరూ ఏళ్ళ తరబడి చేసినవే ఆ జంట టోపీలు. చూడటానికి వెంట్రుకలంత సన్నటి తీగలు కుట్టిన ఉన్ని టోపీల్లా ఉంటాయి. ఒకటి ఇచ్చేవాళ్ళు పెట్టుకోవాలి, ఒకటి పుచ్చుకునేవాళ్ళు. ఇచ్చేవాళ్ళు తమకి తెలిసిన పాఠాన్ని తలుచుకుంటూ కూర్చుంటే, అది వాళ్ళ మెదడులో ఏ దారుల్లో నడుస్తోందో పట్టుకుని, అవే దారుల్ని రెండోవాళ్ళ మెదడులో వేస్తాయి. ఇచ్చినవాళ్ళలో ఆ దారి పలచబడిపోతుంది. మర్నాడు పుస్తకం తిరగేస్తే మళ్ళీ వచ్చేస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ నష్టంగా లెక్కవేయలేదు.

మొదట కాలేజీ కుర్రాళ్ళ మీద చూశారు. బట్టీపట్టిన సూత్రాలు ఒకరినుంచి ఒకరికి కాగితం జారినట్టు జారిపోయాయి. వెంట ఏమీ రాలేదు. ఆ ధైర్యంతోనే ఏడాది కిందట మురారి తన చెల్లెలికి కాంతి పాఠం ఇచ్చాడు, ఇంటర్వ్యూకి ముందు ద్రవాలు, తరంగాలు, పోటుపాట్లు మొత్తం ఇచ్చాడు. ఇలా ఇచ్చామని విద్యాపీఠానికి ముందే రాశారు కూడా. "కోచింగులకి పంపితే మేం వద్దన్నామా, ఇదీ అంతే. కాకపోతే చేరిన మొదటి వారంలో మళ్ళీ నోటి పరీక్ష పెడతాం, అందులో నిలబడకపోతే సీటు నిలబడదు" అని వాళ్ళు జవాబిచ్చారు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఒకే స్కూటర్ మీద ప్రయోగశాలకి వెళ్ళారు. మధ్యలో కూర్చున్న ఇందీవరకి బెంగగానే ఉంది. అయినా మడ చెట్ల మీదుగా ఉప్పుగాలి వచ్చి తగిలినప్పుడు, భర్త వీపుకి చెంప ఆనించి, ఇది కూడా బావుందే అనుకోకుండా ఉండలేకపోయింది.

రజియా మేడమ్ తరళకి టోపీ పెట్టి పోటుపాట్ల గురించి తలుచుకోమంది. తెరమీద వెలుగు గీతలు పాకాయి. సూత్రాల దగ్గర మొదలై, పక్కకి తిరిగి, రుచి ఉండేచోట, వాసన ఉండేచోట, సిగ్గు ఉండేచోట కూడా మిణుకుమన్నాయి. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నీ చెల్లెలికి మొదటినుంచీ పాఠాలు ఎలా చెప్పావయ్యా?" అంది.

"ఎలా ఏముంది మేడమ్, వంటింట్లో. ఇడ్లీ ఉడుకుతుంటే ఆవిరి గురించి, చారు పొంగుతుంటే మరగడం గురించి. దేని గురించి చెప్పాలన్నా చేతికందిందే ఉదాహరణ. నాకైనా మా అమ్మ అలాగే చెప్పింది."

"అదీ సంగతి. మిగతావాళ్ళవి బట్టీ చదువులు. దేనికీ అంటుకోలేదు, అందుకే శుభ్రంగా ఊడొచ్చాయి. నీ చదువు అలాంటిది కాదు. ప్రతి పాఠమూ ఒక మనిషికీ, ఒక రోజుకీ, ఒక పళ్ళేనికీ అల్లుకుపోయి ఉంది. మేం పాఠం లాగామనుకున్నాం. వేళ్ళతో సహా వచ్చేసింది. ఈ తప్పు పరీక్షల్లో ఎందుకు బయటపడలేదంటే, మేం తెచ్చుకున్న కుర్రాళ్ళలో ఒక్కడికీ చదువంటే ఇష్టం లేదు."

"వెనక్కి ఇచ్చెయ్యొచ్చా?" అంది తరళ.

"ఇవ్వొచ్చు. కానీ పెళ్ళిచూపులు ఒక్కటీ తీసి ఇవ్వమంటే నావల్ల కాదు. ఉప్మాలో కరివేపాకు కాదు కదా ఏరడానికి. ద్రవాలు, తరంగాలు మొత్తం పోతాయి. నీకది ఏడాది చదువు. దానిమీద నువ్వు సొంతంగా కట్టుకున్నది ఉంటుందో, ఊడుతుందో నాకు తెలీదు. తెలీదనే చెబుతున్నాను." ఆవిడ వేలెత్తింది. "ఇంకో మాట. తోడు వేసిన పాలలాంటిది ఇది. రేపో ఎల్లుండో తోడుకుంటుంది. తోడుకున్నాక నేను పాలు చెయ్యలేను."

"అయితే కాంతి పాఠం?" అన్నాడు మురారి. "అది ఏడాదయిందే."

రజియా మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడతను. "నాకు లేని దాన్ని నేనెలా వెతుక్కోను?"

తరళ అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"బట్టలుతికే బండ. నేను చిన్నగా ఉన్నాను, బండ నా గడ్డం దాకా ఉంది. అమ్మ చీర దోపుకుని సబ్బు నురగ అరచేతిలోకి తీసుకుని ఊదింది. బుడగ. 'ఇందులో ఎన్ని రంగులున్నాయిరా చెప్పు, చెప్పకపోతే నీ మొహాన పగలగొడతా' అంది. పగలగొట్టేసింది కూడా. అమ్మ నవ్వితే ఎడం బుగ్గ మీద గుంట పడుతుంది అన్నయ్యా. జడ నడుం దాటి ఉంది." కళ్ళు తెరిచింది. "ఇది నేను ఊహించుకున్నాననుకున్నాను. అమ్మ 'రా' అంటోందంటే అది నేను కాదుగా, నువ్వు."

మురారి చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తరళకి గుర్తున్న అమ్మ మంచంమీద అమ్మే. జుట్టు రాలిపోయి, గొంతు బొంగురుపోయిన అమ్మ. ఆవిడ పోయాకే ఈ పిల్ల బడిలో నోరు విప్పడం మానేసింది, అందుకే మురారి బడి మాన్పించి వంటింట్లో కూర్చోబెట్టాడు. అది ఇందీవరకి తెలుసు.

చివరికి అతనే అన్నాడు. "అది నీ దగ్గరే ఉండనీ. నీకు అమ్మ బాగున్నప్పటిది ఒక్కటీ లేదు. నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. రోజూ నాకు చెబుతుండు, అంతే."

*

ఇంటికొచ్చాక అసలు పోరు మొదలైంది. అరుగు మీద ఇందీవర బీరకాయలు చెక్కు తీస్తోంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో పక్కా కూర్చుని ఆమె నెత్తిమీదుగా వాదించుకుంటున్నారు.

"ఇచ్చేదేం లేదు," అన్నాడు మురారి. "మూడు వారాల్లో నోటి పరీక్ష. ఏడాది చదువు చేతులారా పారబోసుకుని వెళ్తావా? పెళ్ళిచూపులదేముంది, పెళ్ళే అయిపోయింది. మీ వదిన చెబుతుంది, నేను వింటాను."

"వదిన చెబితే అది వదినది. నీది కాదు."

"నాకిప్పుడు ఏం లోటు? మనిషే ఎదురుగా ఉంది."

"మరి పొద్దున వదిన మొహం చూడలేదా నువ్వు? అద్దాలు పెట్టుకుని కూడా కనబడదు నీకు!"

ఇందీవర చాకు పక్కన పెట్టింది. ఆమె ఊరుకుంటే సీటు భద్రం. ఊరుకుంటే మురారి కూడా సుఖంగానే ఉంటాడు, లేనిది లేదని తెలియదు కనక. లోటంతా తనకే. ఆ మేడమీద ఇకనుంచీ తానొక్కతే నిలబడి ఉంటుంది, అంతే కదా. అంత చిన్న దానికి ఇంత పిల్ల చదువు అడ్డం పెట్టడమేంటి అనిపించింది. కానీ అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"నాకు కావాలండీ," అంది. "మీకది గుర్తుండాలని నాకు ఉంది. కానీ తరళ సీటుకన్నా ఎక్కువ కాదు. ఈ రెండూ నిజమే. నన్ను తీర్పు చెప్పమనకండి."

తరళ లేచి నిలబడింది. "నిన్నెవరూ అడగట్లేదులే వదినా. అరువు తెచ్చుకున్నది నేను. ఇచ్చేదీ నేనే."

"ఇచ్చేసి?" అన్నాడు మురారి.

"పొద్దున సగమే చెప్పాను. మిగతాది వినండి. లడ్డూ తిన్నాక ఆ సూది చూపావిడ నవ్వలేదు. 'చంద్రుణ్ణి నిజంగానే తినేశావనుకో, పోటు అసలు రాదా?' అంది. అప్పుడు చెయ్యి దానంతటది కదల్లేదన్నయ్యా. చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళ టీలు చల్లారిపోయాయి. తర్వాత చెప్పాను. సూర్యుడున్నాడు కదండీ, ఆయన కూడా లాగుతాడు, చిన్న పోటు వస్తుంది. పైగా అది రోజూ ఒకే వేళకి వస్తుంది, ఎందుకంటే మన గడియారం నడిచేదే ఆయన్ని బట్టి. ఆలస్యం అనే మాటే ఉండదు, అన్నాను. అప్పుడు నవ్విందావిడ. అప్పుడే ఏదో రాసుకుంది."

మురారి అరుగు మీంచి జారి కింద పడబోయాడు. "ఒకే వేళకి! అవును కదా! అది నేనెప్పుడూ ఆలోచించనే లేదు."

"మరి! నీ దగ్గర లేనిది నాకు నువ్వెలా ఇస్తావు? అది నాదే. సీటు దానికే వచ్చిందని నాకు తెలుసు. లడ్డూకైతే నవ్వులే వచ్చాయి." చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. "ఒకసారి అంతదూరం నడిచినదాన్ని, మళ్ళీ నడవలేనా? మూడు వారాలున్నాయి. పుస్తకాలున్నాయి. నువ్వున్నావు."

"మళ్ళీ టోపీ లేకుండా, మొదటినుంచీ," అన్నాడు మురారి. అతని మొహం మెల్లగా విచ్చుకుంటోంది. ఆరేళ్ళపాటు ఈ పిల్లకి పాఠం చెప్పినవాడు. ఆ గొంతులో బింకం ఏదో, బలం ఏదో అతనికి తెలుసు. "పోటుపాట్లతో మొదలుపెడదామా? కానీ నాకిప్పుడు వచ్చింది, నీకిచ్చాక మళ్ళీ పుస్తకంలో చదువుకున్నదే. రేపు టోపీ తీశాక నాకు ఎంత తిరిగొస్తుందో, ఎప్పుడొస్తుందో..."

"ఆలస్యంగా వస్తుందేమో," అంది ఇందీవర.

తరళ కిసుక్కున నవ్వింది. పొద్దున విన్న ఆ మాట తనదేనని మురారికి తట్టలేదు. అర్థం కాని ఆ మొహం చూసి, పొద్దుట్నుంచీ మొదటిసారి ఇందీవరకి ఏడుపు కాకుండా నవ్వొచ్చింది.

ఒక్కసారిగా ఆమెకి తట్టింది. ఆ మేడమీద పాఠం చెప్పింది మురారే అయినా, విన్నది తాను. ఏ టోపీ లేకుండా, చెవులు రిక్కించి, ఒక్క పొల్లు పోకుండా విన్నది. లడ్డూ ఎన్ని వేళ్ళతో పట్టుకున్నాడో, కాఫీ చుక్క గ్లాసుకి ఏ పక్కన పెట్టాడో, ఎక్కడ తడబడ్డాడో అన్నీ ఉన్నాయి తన దగ్గర. వినడం అనే పాత పద్ధతిలో వచ్చిన చదువు అది. అతని దగ్గర నుంచి ఏమీ తగ్గించకుండానే తనకి వచ్చింది.

"మొదటి పాఠం నేను చెబుతాను," అంది.

"నువ్వా?" అన్నారు ఇద్దరూ.

"ఏం, నేను డిగ్రీ చదవలేదా? పైగా ఆ పాఠం నాకు నోటికొచ్చు." బీరకాయ తొక్కలు చేటలోకి ఊడ్చి, కొంగు దులుపుకుని లేచింది. "అందరూ వినండి. రేపు పొద్దున్నే ప్రయోగశాల. టోపీలు, తిరిగివ్వడం, అదంతా మీ ఇద్దరి పని. నేను ఇంట్లో లడ్డూలు చుడతాను. సాయంత్రం నాలుగింటికి మన మేడమీద మళ్ళీ పెళ్ళిచూపులు. నేను మామిడిపిందె రంగు చీర కట్టుకుంటాను. తరళ పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది."

"మరి నేను?" అన్నాడు మురారి.

"మీరు మెట్లెక్కి రండి. నేను పోటు ఎందుకు ఆలస్యమవుతుందో చెబుతుంటాను, తప్పు చెబితే దిద్దండి. చివర్లో ఒక మాట మాత్రం నేను చెప్పను, అక్కడ ఆగిపోతాను. అది మీరే చెప్పాలి."

"గుర్తు రాకపోతే?"

"వచ్చేదాకా లడ్డూ ముట్టనివ్వం," అంది తరళ.